24 బొమ్మల పటాలం: ఫ్రేము నుంచి ఆట బల్ల దాకా నా అనుభవం

28 మిల్లీమీటర్ల బొమ్మలతో యుద్ధాలు ఆడేవాళ్లకి తెలుసు, ఈ సరదాలో ఆట కొసరు. అసలంతా కత్తిరించడం, గీకడం, అతికించడం, రంగులు వేయడం, ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం, విరిగినదాన్ని మళ్లీ అతికించడం. నెపోలియన్ కాలపు ఫ్రెంచి పదాతి పటాలం ఒకటి, 24 బొమ్మలది, ప్లాస్టిక్ ఫ్రేములోంచి (ముక్కలన్నీ అంటుకుని వచ్చే చట్రం) బల్ల మీదకి ఎలా చేరుతుందో చెబుతాను. ఒక్క పటాలం గురించి ఇంత రాయడం దేనికంటే, ఈ పనిలో తప్పు జరిగిన చోట కనబడదు. కోతలో చేసిన తప్పు వాష్ (మడతల్లోకి దిగే పల్చటి ముదురు రంగు) వేసినప్పుడు బయటపడుతుంది. కడగడానికి బద్ధకిస్తే ఆ సంగతి ప్రైమర్ (రంగుల కన్నా ముందు కొట్టే పూత) పెచ్చులూడినప్పుడు తెలుస్తుంది. బేసు (బొమ్మల్ని నిలబెట్టే పలక) కొలత తప్పితే ఆట నడిమధ్యన తెలుస్తుంది. అప్పటికి జిగురు రాయిలా ఉంటుంది.

అందుకే నేను కత్తి పట్టకముందే బేసుల లెక్క తేల్చుకుంటాను. 1808 ఫిబ్రవరి ఉత్తర్వు తర్వాత ఫ్రెంచి పటాలంలో ఆరు కంపెనీలు: నాలుగు ఫ్యూజిలియర్లవి (మామూలు పదాతులు), ఒకటి గ్రెనడియర్లది (ఏరికోరిన పొడుగరులు), ఒకటి వోల్టిజర్లది (ముందు చెదిరి కాల్చే చురుకైనవాళ్లు). కాగితం మీద కంపెనీకి 140 మంది, మొత్తం 840. 40×40 మి.మీ. బేసు మీద నలుగురు చొప్పున నిలబెడితే ఒక్కో బేసూ ఒక కంపెనీ, ఒక్కో బొమ్మా 35 మందికి లెక్క. ఆరు బేసులూ పక్కపక్కన చేరిస్తే లైను, వెడల్పు 240 మి.మీ. రెండేసి చొప్పున మూడు అంచెలు పెడితే కాలమ్, వెడల్పు 80, లోతు 120. లైనులో గ్రెనడియర్లు కుడి కొసన, వోల్టిజర్లు ఎడమ కొసన. ఇదంతా ఒక కాగితం మీద గీసుకుని బొమ్మలకి నంబర్లు వేసుకోకపోతే, తీరా రంగుల దగ్గర గ్రెనడియర్ల ఎర్ర భుజకీర్తులు ఐదుగురికీ వోల్టిజర్ల ఆకుపచ్చవి ముగ్గురికీ పడతాయి.

ఇక కోత. క్లిప్పర్‌కి ఒక పక్క చదునుగా, రెండో పక్క వాలుగా ఉంటుంది. చదును పక్క బొమ్మ వైపు ఉండాలి. బొమ్మకి ఆనించి ఒకేసారి కోస్తే ప్లాస్టిక్ నలిగి తెల్లమచ్చ పడుతుంది, ఒక్కోసారి ముక్క లోపలికి చిట్లి గుంట పడుతుంది. ముందు 2-3 మి.మీ. వదిలి కోయాలి. మిగిలిన మొలకని రెండో కోతలో తీసి, ఆ పైన కత్తితో చెక్కాలి. తుపాకీ కోసేటప్పుడు వరస తప్పకూడదు. బాయొనెట్ (తుపాకీ మూతికి బిగించే కత్తి) కొసన ఫ్రేముకి అంటుకున్న చోట ముందు తెంచాలి, బట్ (భుజానికి ఆనించే కొస) వైపు ఆఖర్న. బట్ ముందు తెంచితే ఆ తర్వాతి కోతల ఊపంతా మిల్లీమీటరు కన్నా సన్నగా ఉండే బాయొనెట్ మీద పడుతుంది, అది పుటుక్కుమంటుంది.

అచ్చుగీతల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అచ్చు రెండు సగాలూ కలిసే చోట బొమ్మ చుట్టూ వెంట్రుకవాసి గీత లేస్తుంది: షాకో టోపీ పక్కల మీదుగా, భుజం మీదుగా, కాలి పక్కన, తుపాకీ గొట్టం పొడుగునా. బూడిద రంగు ప్లాస్టిక్ మీద అది కంటికి ఆనదు. ప్రైమర్ వేసినా పెద్దగా తెలీదు. వాష్ వేశాక మాత్రం నల్లటి రంగు ఆ గీతకి రెండు పక్కలా నిలిచి, సైనికుడి మొహం మీద కుట్టు వేసినట్టు కనబడుతుంది. అప్పుడు గీకితే మూడు పూతల రంగూ లేచిపోతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే, ఇక్కడ ఆ సామెత అక్షరాలా వర్తిస్తుంది. ఎందుకంటే అచ్చుగీతని పట్టుకునే మంచి పరికరం గోరే. దీపం పక్క నుంచి పడేలా పెట్టుకుని, గోటిని అడ్డంగా లాగితే టక్కుమని తగులుతుంది. దాన్ని కోయకూడదు, గీకాలి. కత్తి వీపుని బొమ్మకి దాదాపు నిటారుగా పట్టి, ఒకే దిశలో తేలిగ్గా లాగాలి. పదును వైపుతో గీకితే ప్లాస్టిక్‌లోకి దిగి అలలు అలలుగా పళ్లు పడతాయి. నేను బొమ్మకి నాలుగైదు నిమిషాలు దీనికి కేటాయిస్తాను. వీపుసంచి వెనక దాగే చోట, వెనక వరస సైనికుడి కాళ్ల సందులో ఉన్నవాటిని వదిలేస్తాను. అక్కడ చూసేది నేనొక్కణ్నే, ఆ మాత్రం నన్ను నేను క్షమించుకోగలను.

అతికించడానికి ప్లాస్టిక్ సిమెంటు. ఇది పేరుకే జిగురు, నిజానికి ద్రావకం. పాలీస్టైరీన్‌ని రెండు పక్కలా కరిగించి ఒకటిగా కలుపుతుంది, ద్రావకం ఎగిరిపోయాక అతుకు అదే ప్లాస్టిక్ అవుతుంది. అందుకే మూడు నియమాలు. చుక్క చిన్నది కావాలి. పెద్దదైతే బయటికి పొంగి, దాని మీద పడిన వేలిముద్ర మెడ మీద శాశ్వతంగా ఉండిపోతుంది. రెండోది, రంగు వేసిన చోట సిమెంటు పట్టదు. వీపుసంచిని విడిగా రంగు వేసి తర్వాత అతికించాలనుకుంటే, అతుకు చోట చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి ఉంచాలి. మూడోది, లోహానికీ రెజిన్‌కీ సిమెంటు పనికిరాదు, వాటికి సూపర్‌గ్లూ. అది గాలిలో తేమతో గట్టిపడుతుంది. ఎక్కువ పోస్తే త్వరగా అంటుకోదు సరికదా, ఆవిరి చుట్టుపక్కల తెల్లటి బూజులా దిగుతుంది.

తలలూ చేతులూ అతికించేముందు నలుగురినీ బేసు మీద ఉత్తినే నిలబెట్టి చూడాలి. ఒక్కో మనిషికి దక్కేది 20 మి.మీ. వెడల్పే. వెనకవాడి బాయొనెట్ ముందువాడి వీపుసంచిలో గుచ్చుకుంటుందేమో, పక్కవాడి మోచెయ్యి అడ్డమొస్తుందేమో తెలిసేది అప్పుడే. తుపాకీ ముందుకి చాచినవాళ్లని ముందు వరసలో, భుజాన నిటారుగా పెట్టుకున్నవాళ్లని వెనక వరసలో పెడితే సగం గొడవ తీరిపోతుంది.

నా పటాలంలో జెండా మోసేవాడు లోహపు బొమ్మ. లోహపు కర్ర ముట్టుకుంటే వంగుతుంది, రెండుసార్లు వంచితే విరుగుతుంది. దాన్ని మొదటే కోసేసి, పిడికిలిలో 1 మి.మీ. బిట్‌తో చేతి డ్రిల్లు మీద రంధ్రం చేసి ఇత్తడి తీగ దింపడం మేలు. రంధ్రం మొదలుపెట్టేముందు కత్తి మొనతో చిన్న గుంట చెయ్యకపోతే బిట్ జారి బొమ్మ వేళ్లనీ మన వేళ్లనీ ఒకేలా గీరుతుంది. సందులు పూడ్చడానికి నీలం, పసుపు కలిపే ఎపాక్సీ పుట్టీ వాడతాను. రిబ్బను రకమైతే రెండు రంగులూ ఆనుకుని ఉన్న మధ్య గీత అప్పటికే గట్టిపడి ఉంటుంది, ఆ సన్నటి పట్టీని కోసి పారేయాలి. లేకపోతే పుట్టీలో పలుకులు తగులుతాయి. వేళ్లు తడిగా ఉంచుకోవాలి.

అన్నీ అతికాక ఒక రోజు ఆగి, గోరువెచ్చటి సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. అచ్చులోంచి సులువుగా ఊడి రావడానికి వాడే నూనె, మన చేతి జిడ్డు, గీకుడు పొడి అన్నీ పోతాయి. రెజిన్ బొమ్మలకి ఇది తప్పనిసరి.

ప్రైమర్ పది నిమిషాల పని. నెల రోజుల శ్రమని పాడుచేసే శక్తి కూడా ఈ పది నిమిషాలకే ఉంది. డబ్బాని రెండు నిమిషాలు ఊపాలి. బొమ్మల్ని వేళ్ల సందు వదిలి ఒక కర్ర మీద ఐదారు అంటించి, 20-25 సెం.మీ. దూరం నుంచి కొట్టాలి. స్ప్రే బొమ్మకి పక్కన మొదలై, బొమ్మని దాటాక ఆగాలి. మీట నొక్కిన మొదటి క్షణంలోనే పెద్ద చుక్కలు పడతాయి మరి. దగ్గర నుంచి కొడితే గుండీలూ మడతలూ పూడిపోతాయి. దూరం నుంచి కొట్టినా, ఎండ మండిపోతున్నప్పుడు కొట్టినా, చుక్క గాలిలోనే ఆరి పొడిగా దిగి బొమ్మకి ఇసుక కాగితం చర్మం వస్తుంది. వాన ముసురు రోజున అసలు డబ్బా ముట్టకూడదు. ముందు ఖాళీ ఫ్రేము ముక్క మీద కొట్టి చూడటం నా అలవాటు. ఇంత చేసినా చెడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొన్ని గంటలు నానబెట్టి బ్రష్‌తో రుద్దితే గట్టి ప్లాస్టిక్ మీద రంగు లేచిపోతుంది. గోళ్లరంగు తుడిచే అసిటోన్‌ని మాత్రం దగ్గరికి రానివ్వకండి, రంగుతో పాటు సైనికుడూ కరుగుతాడు.

రంగుల్లో నేను 24 మందినీ ఒక్కసారి ముందు పెట్టుకోను. 12 మంది చాలు. పన్నెండో బొమ్మకి కోటు వేసేసరికి మొదటి బొమ్మ ఆరి ఉంటుంది, అదీ సరైన సంఖ్య. 24 అయితే ఒకే నీలంతో ఒక సాయంత్రం మొత్తం గడిచిపోతుంది, మర్నాడు బ్రష్ పట్టబుద్ధి కాదు.

అక్రిలిక్ రంగు సీసాలోంచి నేరుగా వేస్తే చారలు చారలుగా ఆరి మడతల్లో పేరుకుంటుంది. తడి పాలెట్ ఇంట్లోనే చేసుకోవచ్చు: మూత ఉన్న పల్చటి డబ్బా, అడుగున స్పాంజి, దాని మీద బేకింగ్ కాగితం. స్పాంజి మెరవాలి, నీళ్లు నిలవకూడదు. నిలిస్తే రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకుతాయి. పలచన సరిపోయిందో లేదో నా బొటనవేలి గోరు మీద చూస్తాను. ఒక గీత గీస్తే అంచు నిలబడాలి, గోటి చుట్టూ ఉన్న గాడిలోకి పరుగెత్తకూడదు. అలా రెండు పల్చటి పూతలు.

ఫ్రెంచి కోటు ముదురు నీలమే, కానీ నిజమైన ముదురు నీలం వేస్తే బల్ల మీద మూడడుగుల దూరం నుంచి నల్లగా కనబడుతుంది. అందుకని ఒక మెట్టు లేత నీలం ఎంచుకుంటాను. తెల్ల పట్టీల దగ్గర తలప్రాణం తోకకొస్తుంది. ఫ్యూజిలియర్‌కి ఛాతీ మీద తూటాల పెట్టె పట్టీ ఒకటే అడ్డంగా వస్తుంది. గ్రెనడియర్‌కి కత్తి కూడా ఉంటుంది కాబట్టి రెండు. వీపుసంచి పట్టీలు అందరికీ ఉంటాయి. ఈ పట్టీ వెడల్పు 28 మి.మీ. బొమ్మ మీద దాదాపు ఒక మిల్లీమీటరు. నీలం మీద నేరుగా తెలుపు వేస్తే మూడు పూతలకీ నీలం తొంగిచూస్తూనే ఉంటుంది. ముందు లేత బూడిద రంగు వేయాలి, అది త్వరగా కప్పేస్తుంది. బ్రష్ మొనతో కాదు, పక్కతో: మొన పట్టీ పొడుగునా పడుకున్నట్టు ఉంచి, ఉబ్బెత్తు అంచుని రాసుకుంటూ భుజం నుంచి నడుం వైపు ఒకే లాగుడు. చిటికెన వేలు రెండో చేతికి ఆనించి ఉంచితే వణుకు రాదు. ఎక్కడైనా జారి కోటు మీద పడితే తుడవొద్దు. ఆరనిచ్చి, ముదురు నీలంతో పట్టీ వెంబడే సన్నగా దిద్దండి. దిద్దిన గీతే పట్టీ కింది నీడ అవుతుంది. ఆఖర్న పట్టీ నడిమధ్యన మాత్రమే స్వచ్ఛమైన తెలుపు, అంచుల్లో బూడిద మిగలాలి. నా పటాలాల్లో అందరూ మెచ్చుకునే పట్టీలు ఇలా తప్పు దిద్దినవే.

కంపెనీలని విడదీసేది షాకో మీది పామ్‌పామ్ (చిన్న కుచ్చు). ఫ్యూజిలియర్లలో మొదటి కంపెనీకి ముదురాకుపచ్చ, రెండోదానికి ఆకాశనీలం, మూడోదానికి నారింజ, నాలుగోదానికి ఊదా. గ్రెనడియర్లకి ఎరుపు. చుక్క రంగే, కానీ ఆటలో ఏ బేసు ఎక్కడ నిలవాలో అది చెబుతుంది. వీపుసంచులు వెంట్రుకలున్న తోలువి కాబట్టి గోధుమ, తెలుపు, మచ్చలు, ఎలాగైనా వేయొచ్చు. విసుగు పోగొట్టుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

వాష్ అంటే పల్చటి ముదురు రంగు, మడతల్లోకి దానంతటదే దిగుతుంది. గుంటగా నిలిచినదాన్ని ఒక నిమిషంలోపే శుభ్రమైన తడి బ్రష్‌తో పీల్చేయాలి. సగం ఆరాక ముట్టుకుంటే నీళ్లు ఇంకిన గోడ మీద మరకలాగ వలయం మిగిలిపోతుంది. తెల్ల లాగుల మీద మొత్తం వాష్ పోయొద్దు, మురికిబట్టలవుతాయి. మడతల్లో మాత్రమే గోధుమ బూడిద గీతలు చాలు.

జెండా కాగితానిది. ఇంక్‌జెట్‌లో అచ్చు వేసినదైతే పీవీఏ (తెల్ల జిగురు) తగలగానే ఎరుపు తెలుపులోకి పాకుతుంది, ముందు వార్నిష్ కొట్టి ఆరబెట్టాలి. లోపలంతా పీవీఏ రాసి, తీగ చుట్టూ మడిచి, తడిగా ఉండగానే బ్రష్ కర్రకి చుట్టి అలలు తెప్పించాలి. కోసిన అంచున కాగితం తెలుపు కనబడుతుంది, అక్కడ రంగు తాకించాలి. ఒక సంగతి: 1804 నమూనాలో మధ్య తెల్లటి వజ్రాకారం, మూలల్లో నీలం, ఎరుపు. నిలువు మూడు రంగులది 1812 నమూనా. పైగా 1808 నుంచి రెజిమెంటుకి (కొన్ని పటాలాలు కలిస్తే ఒకటి) ఒకటే గద్ద, అంటే జెండా కర్ర కొసన ఉండే లోహపు గద్ద బొమ్మ, అదీ మొదటి పటాలంలో. ప్రతి పటాలానికీ గద్దని తగిలిస్తే చూడటానికి బాగుంటుంది గానీ తెలిసినవాడు ఎదురుగా కూర్చుంటే ఆట మొదలయ్యేది ఆ చర్చ అయ్యాకే.

వార్నిష్ రెండు రకాలూ వేస్తాను. ముందు మెరిసేది, అది గట్టి. దాని మీద మాట్, మెరుపు చంపడానికి. మాట్ వార్నిష్‌లో మెరుపు తగ్గించే పొడి అడుగున చేరి ఉంటుంది. సరిగ్గా కలపకపోయినా, తేమ రోజున స్ప్రే చేసినా, బొమ్మ మొత్తం పొగమంచు కప్పినట్టు తెల్లబడుతుంది. గుండె ఆగినంత పనవుతుంది కానీ కంగారుపడి రంగు తీసేయొద్దు. ఆరనిచ్చి, మెరిసే వార్నిష్‌ని బ్రష్‌తో పూస్తే చాలాసార్లు తెలుపు మాయమవుతుంది. తుపాకీ గొట్టాలకి లోహపు రంగు మాట్ కింద చచ్చిపోతుంది కాబట్టి దాన్ని ఆఖర్న ఇంకోసారి తాకిస్తాను.

బేసులు 2 మి.మీ. ఎండీఎఫ్‌వి (చెక్కపొడి నొక్కి చేసిన పలక). పై పక్క మాత్రమే పీవీఏ, నీళ్లు తగిలితే ఎండాక పడవలా వంగుతాయి. కింద పక్క కూడా ఒక పూత రంగు వేస్తే లాగుడు సమానమవుతుంది. నలుగురినీ అతికించాక మధ్యలోకి బ్రష్ దూరదు, అందుకే ఇసుక పీవీఏని పాత బ్రష్‌తో ముందు మధ్యలో పెట్టి, తర్వాత అంచులకి వస్తాను. గడ్డి ఆఖర్న, అక్కడక్కడ కుచ్చులుగా. నేల రంగు సీసా పేరు పెట్టె మీద రాసిపెట్టుకోవాలి, లేకపోతే రెండో పటాలం వేరే దేశపు మట్టి మీద నిలబడుతుంది.

మోసుకెళ్లడానికి బేసు కింద పల్చటి ఉక్కు రేకు, పెట్టె అడుగున అయస్కాంతపు షీటు. రెండు పక్కలా అయస్కాంతాలే పెట్టుకునేవాళ్లు నియోడిమియం బిళ్లల ధ్రువం చూసి, ప్రతిదాని మీదా పెన్నుతో చుక్క పెట్టుకోవాలి. ఒక్కటి తిరగబడినా ఆ బేసు పెట్టెలో కూర్చోదు, ఎగిరి పక్కదాని మీద పడుతుంది.

ఇప్పుడు ఆట. 6×4 అడుగుల బల్ల, మధ్యలో గుట్ట, రెండు పొలాలు, ఒక ఇల్లు. గుట్టకి నున్నటి వాలు కన్నా మెట్లు నయం, ఒక్కో మెట్టు లోతు కనీసం 50 మి.మీ. ఉంటే 40 బేసు నిలబడుతుంది. వాలు మీద పటాలం నెమ్మదిగా జారి, ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే వెనక్కి తగ్గుతుంది.

కాలమ్ ఎందుకు అవసరమో చదివితే ఒంటబట్టదు, టేపు పట్టుకుంటే క్షణంలో తెలుస్తుంది. లైను తిరిగేటప్పుడు కొలవాల్సింది బయటి మూల నడిచిన దూరం. 240 మి.మీ. లైను 90 డిగ్రీలు తిరగాలంటే ఆ మూల 377 మి.మీ. నడవాలి, దాదాపు 15 అంగుళాలు. ఒక దఫాకి 6 అంగుళాలు నడిచే నియమమైతే 36 డిగ్రీలే తిరుగుతుంది. 80 మి.మీ. కాలమ్‌కి అదే మలుపు 126 మి.మీ., 5 అంగుళాలకి కాస్త లోపు, ఒకే దఫాలో అయిపోతుంది. చాలా తగాదాలు ఇక్కడే పుడతాయి, మధ్య నుంచి కొలిచేవాళ్ల వల్ల. బాయొనెట్ కొస నుంచి కొలిచేవాళ్లు ఇంకో రకం. బేసు ముందంచు నుంచి కొలవాలని మొదటే ఒప్పుకోవాలి. ఇనప టేపు చేతిలోంచి జారి చుట్టుకుందంటే దాని కొక్కెం దారిలో ఉన్న రెండు కంపెనీలని పడగొట్టి గాని ఆగదు. 6, 12 అంగుళాలకి కోసిన చెక్క పుల్లలు వాడటం మొదలుపెట్టాక నా బొమ్మల ఆయుష్షు పెరిగింది.

పాచికలు బొమ్మల మధ్యకి విసరకూడదు, వాటికో పళ్లెం ఉండాలి. అందులో చదునుగా పడనిది మళ్లీ వేయాలని ముందే అనుకోవాలి. యుద్ధక్రీడలోకి పాచికలు నిన్న మొన్న వచ్చినవి కావు, ప్రష్యా అధికారి రైస్విట్జ్ 1824 నాటి నియమాల్లోనే నష్టాలు తేల్చడానికి వాటిని వాడాడు. లెక్క తెలిస్తే తిట్టుకోవడం తగ్గుతుంది. ఆరు పాచికలతో కాల్పులు, 4 లేదా ఆపైన పడితే తగిలినట్టు, తగిలినవాటికి 4 లేదా ఆపైన పడితే రక్షణ అనుకుందాం. సగటున ఒకటిన్నర నష్టం. కానీ ఒక్కటీ పడకపోయే అవకాశం నాలుగింట మూడుని ఆరుసార్లు గుణిస్తే వచ్చేది, అంటే 18 శాతం. ఆరు కాల్పుల్లో ఒకటి ఉత్త పొగేనన్నమాట. రెండు పాచికల ధైర్య పరీక్షలో (పటాలం నిలుస్తుందో చెదురుతుందో తేల్చేది) మొత్తం 7 లేదా ఆపైన కావాలంటే 58 శాతం, 8 లేదా ఆపైన కావాలంటే 42. 10 లేదా ఆపైన కావాలంటే 17, 11 లేదా ఆపైన అంటే 8. అదే ఒక్క అంకె తగ్గింపు నిలకడగా ఉన్న పటాలం మీద 16-17 పాళ్లు కోస్తుంది, ఇప్పటికే కుంగినదాని మీద 8 పాళ్లే. అందుకే నేను చెదిరిన పటాలాన్ని వెంటాడను, పక్కన నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డదాని మీద కాలుస్తాను.

మూడు నాలుగు ఆటలయ్యేసరికి ముందు వరసలో ఒకటో రెండో బాయొనెట్లు పోతాయి. ప్లాస్టిక్‌ది మళ్లీ అతికిస్తే నిలవదు, అతుకు వైశాల్యం ఆవగింజంత కూడా ఉండదు. తుపాకీ మూతి దగ్గర చదునుగా కోసి, అర మిల్లీమీటరు బిట్‌తో 2 మి.మీ. లోతు రంధ్రం చేసి, గుండుసూది మొన ముక్కని సూపర్‌గ్లూతో దింపుతాను. అది ఇక విరగదు. బొమ్మల్ని నడుం దగ్గర కాకుండా బేసు అంచు పట్టుకుని ఎత్తడం నాకు అలవాటైంది ఈ సూదుల వల్లే. ప్లాస్టిక్ బాయొనెట్ వేలికి తగిలితే అది విరిగేది, దీనికి వేలు తగిలితే రక్తం వస్తోంది.